పిల్లల సీసాకి అసలు పరీక్ష సింకు దగ్గరే

పిల్లల వాటర్ బాటిల్ అమ్మేవాళ్ళందరూ చూపించే పరీక్ష ఒకటే. నీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి గట్టిగా ఊపుతారు. ఒక్క చుక్క కూడా కారదు. మనం ముచ్చటపడి కొనేస్తాం. ఈ పరీక్ష మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. అందులో మోసమేమీ లేదు, నిజంగానే కారదు. అయితే ఆ చుక్కని ఆపింది ఒక వాల్వ్, ఒక రింగు, ఒక మడత. రేపటి నుంచి వాటిని ఎవరు కడుగుతారు, ఎలా కడుగుతారు అన్నది ఆ పరీక్షలో ఎక్కడా లేదు.

నేను చేసే పని ప్లాస్టిక్ మూతలూ డబ్బాలూ డిజైన్ చేయడం. ఇంట్లో మా పాప సీసాలు కడిగేదీ ఎక్కువగా నేనే. ఈ రెండు పనులూ కలిసి నా చేత చెప్పిస్తున్న మాట ఇది: చిన్నపిల్లల సీసాని ముందు కడగడానికి వీలుగా డిజైన్ చేయాలి, ఒలక్కుండా ఉండటం సంగతి ఆ తరవాత చూడాలి. ఈ వరస తారుమారైతే ఎంత తెలివైన వాల్వ్ అయినా కొన్నాళ్ళకి బూజు పట్టి తీరుతుంది.

ఎందుకంటే ఈ రెండు కోరికలకీ పడదు. సీసా కారకూడదంటే ఎక్కడో రెండు వస్తువులు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుని ఉండాలి. మూతకీ మెడకీ మధ్య రింగు, స్ట్రా దూరే కన్నం చుట్టూ సిలికాన్ అంచు, తాగే చోట చీలిక ఉన్న వాల్వ్. అలా నొక్కుకున్న ప్రతి అంచు పక్కనా వెంట్రుకవాసి సందు ఉంటుంది. మంచినీళ్ళైతే ఆ సందులోకి వెళ్ళి మెల్లగా ఆరిపోతాయి. పాలు వెళితే అందులోని కొవ్వు, ప్రోటీను అక్కడే అతుక్కుంటాయి. సూక్ష్మజీవులు వాటి మీద చేరి, తమ చుట్టూ ఒక జిగురు పొర కట్టుకుంటాయి. మనం పాచి అనేది దీన్నే. ఒకసారి పాచి పట్టాక సబ్బునీళ్ళు పైనుంచి పారిస్తే అది కదలదు, రుద్దితేనే పోతుంది. రుద్దాలంటే అక్కడికి బ్రష్ వెళ్ళాలి. బ్రష్ వెళ్ళే చోటైతే పాచి అంతదాకా వచ్చేదే కాదు.

మీ ఇంట్లో కొన్ని నెలలు వాడిన సీసా ఉంటే మూత తీసి వెలుతురులో పట్టుకోండి. లోపల గాడిలో తెల్లగా ఒక సిలికాన్ రింగు కూర్చుని ఉంటుంది. చాలా సీసాల్లో దాన్ని వేలితో తీయలేం. పుల్లతోనో చెంచా కాడతోనో పైకి లేపాలి. లేపి కింది వైపు తిప్పి చూడండి. పైకి శుభ్రంగా మెరిసిన రింగుకి అడుగున అంచు పొడవునా గోధుమరంగు గీత కనపడటం చాలా మామూలు. గోటితో గీకితే మెత్తగా, జిడ్డుగా ఊడి వస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన పాల వాసన. రింగు కూర్చునే గాడి అడుగున, మూల తిరిగే చోట, సూదిమొనంత నల్ల చుక్కలు. అవి బూజు. ఆ మూతని రోజూ కడిగారు, వేడినీళ్ళు కూడా పోశారు. కానీ రింగు వెనక్కి నీళ్ళు వెళ్ళలేదు. వెళ్ళకూడదనే కదా ఆ రింగుని అక్కడ పెట్టింది!

ఇది ఏదో ఒకరిద్దరి ఇళ్ళల్లో జరిగే సంగతి అనుకోవడానికి లేదు. 2016 మొదట్లో కెనడాలో కొందరు తల్లిదండ్రులు పిల్లల కప్పు వాల్వుని బ్లేడుతో కోసి చూస్తే లోపల నల్లగా బూజు కనపడింది. ఆ ఫొటోలు ఊరంతా తిరిగాయి. అదే ఏడాది మే నెలలో అమెరికాలో టామీ టిప్పీ బ్రాండు సిప్పీ కప్పులని (పిల్లలు మూత మీద నుంచే పీల్చి తాగే కప్పులని) సుమారు 31 లక్షలు వెనక్కి పిలిచారు. కారణం, లోపలి వాల్వుని సరిగా కడగకపోతే బూజు పట్టడం. బూజు గురించి కంపెనీకి 3,066 ఫిర్యాదులు అందాయి. వాటిలో 68 ఆ కప్పుతో తాగిన పిల్లలకి వాంతులు, విరేచనాలు లాంటివి వచ్చాయని చెప్పినవి. ఆ వాల్వ్ పని చేయక కాదు సుమా, ఒలక్కుండా ఆపడంలో అది దిట్ట. ఒకే ముక్కగా మూసుకుని ఉన్న వాల్వ్ కాబట్టి లోపల ఏముందో కొయ్యకుండా చూడలేరు. 'సరిగా కడగకపోతే' అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. లోపలికి కంటిచూపే పోని వస్తువుని సరిగా కడగడం ఎవరి వల్ల అవుతుంది? అది అమ్మానాన్నల నిర్లక్ష్యం ఖాతాలో పడకూడదు. డిజైన్ ఖాతాలోనే పడాలి.

ఒలకని కప్పు కనిపెట్టినవాళ్ళ మీద మాత్రం నాకు గౌరవమే. 1980లలో అమెరికాలో రిచర్డ్ బెలాంజర్ అనే మెకానికల్ ఇంజనీరు, తన కొడుకు ఇల్లంతా జ్యూస్ ఒలకబోస్తుంటే తుడవలేక, ఒలకని కప్పు తయారుచేసుకున్నాడు. తరవాత అది ప్లేటెక్స్ కంపెనీ ద్వారా బజారుకి వచ్చింది. ఇంగ్లండులో మాండీ హేబర్‌మన్‌కి 1990లో ఇలాంటి ఆలోచనే వచ్చింది. గుక్కకీ గుక్కకీ మధ్య తనంతట తనే మూసుకుపోయే చీలిక వాల్వ్ ఆమెది. పెద్ద కంపెనీలు చాలాకాలం పట్టించుకోలేదు. 1996లో ఎనీవేఅప్ కప్ పేరుతో అమ్మకం మొదలైంది. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీని ఒప్పించడానికి ఆమె కప్పు నిండా జ్యూస్ పోసి, తెల్ల అట్టపెట్టెలో పెట్టి, పోస్టులో పంపించింది. పెట్టె మీద ఒక్క మరక పడినా బేరం పోయినట్టే. మరక పడలేదు. తన పేటెంటుని కాపీ కొట్టారని ఇంకో తయారీదారు మీద కోర్టుకెక్కి 1999లో గెలిచింది కూడా. ఒంటరిగా అంత దూరం వెళ్ళిన మనిషిని చూస్తే ముచ్చటేస్తుంది.

నా బాధ ఆ తరవాత జరిగినదాని గురించి. ఆ విజయం మొత్తం పరిశ్రమకి ఒకే కొలబద్దని ఇచ్చిపోయింది: చుక్క పడిందా, లేదా. అక్కడి నుంచి అందరూ వాల్వులు బిగిస్తూ పోయారు.

బిగిస్తే ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్తాను, నేను పనిలో రోజూ చూసే సంగతి కాబట్టి. సీసాని తలకిందులు చేసి పట్టుకున్నప్పుడు వాల్వ్ మీద పడేది పది సెంటీమీటర్ల నీటి బరువు. దాన్ని ఆపడం చాలా తేలిక. కానీ అదే సీసా పిల్లల కుర్చీలోంచి నేల మీద పడితే, ఆగిన ఆ క్షణంలో లోపలి నీళ్ళు అంతకి ఎన్నో రెట్ల ఒత్తిడితో వాల్వుని గుద్దుతాయి. చీలిక రెప్పపాటు తెరుచుకుని నాలుగు చుక్కలు బయటపడతాయి. ఆ నాలుగు చుక్కలు కూడా పడకూడదు అనుకుంటే సిలికాన్‌ని మందం చేయాలి, లేదా చీలికని చిన్నది చేయాలి. అప్పుడు పిల్లలు మరింత బలంగా పీల్చాలి. ఏడాదిన్నర పిల్లకి పీల్చి పీల్చి విసుగొస్తే ఏం చేస్తుంది? కొరుకుతుంది. పంటి కింద నొక్కితే చీలిక తెరుచుకుని నీళ్ళొస్తాయని తొందరగానే కనిపెడుతుంది. ఇక రోజూ కొరుకుడే. కొరికిన సిలికాన్ చిరుగుతుంది. చిరిగిన ముక్క నోట్లోకి ఊడితే గొంతుకి అడ్డం పడే ప్రమాదం. మూడేళ్ళలోపు పిల్లల వస్తువుల నుంచి ఊడొచ్చే ముక్కలు గొంతులో ఇరుక్కుంటాయా అని చూడటానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టం వాడతారు. ముక్క అందులో పూర్తిగా పట్టేస్తే ప్రమాదకరం కిందే లెక్క. వాల్వ్ ముక్కలు హాయిగా పడతాయి. నేల మీద పడే నాలుగు చుక్కల కోసం మొదలైన పని ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

గాలి సంగతి ఇంకొకటి. సీసాలోంచి నీళ్ళు బయటికి వస్తే ఆ చోటులోకి గాలి రావాలి, లేకపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి నీళ్ళు రావడం ఆగిపోతుంది. అందుకని మూతలో ఎక్కడో సూదిమొనంత గాలి రంధ్రం పెడతారు, గాలిని లోపలికి రానిచ్చి నీళ్ళని బయటికి పోనివ్వకుండా. మొత్తం సీసాలో అన్నిటికన్నా చిన్న కన్నం ఇదే, పాలు ఎండి ముందుగా మూసుకుపోయేదీ ఇదే. మూసుకుపోయిందని బయటికి తెలియదు. పాప రెండు గుక్కలు తాగి, ఆపి, మళ్ళీ ప్రయత్నించి, సీసా పక్కన పడేస్తుంది. దాహం లేదేమో అనుకుని మనం మూత పెట్టేస్తాం.

స్ట్రా సీసాలు వాడేవాళ్ళకి మరో టెన్షన్ తెలుసు: మూత తెరవగానే స్ట్రాలోంచి నీళ్ళు ముఖాన చిమ్మడం. సీసా పాడైందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బాగా మూసుకున్న సీసాలోనే జరుగుతుంది. మూసిన సీసాలో నీళ్ళ పైన ఉన్న గాలి వేడెక్కితే దాని ఒత్తిడి పెరుగుతుంది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర మూడు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి దాదాపు ఒక శాతం పెరుగుతుంది. ఒక శాతం అంటే ఏం లెక్క అనిపిస్తుంది. కానీ వాతావరణ ఒత్తిడి మొత్తం పది మీటర్ల ఎత్తు నీటికి సమానం, అందులో ఒక శాతం పది సెంటీమీటర్లు. స్ట్రాలో నీళ్ళు పైదాకా ఎక్కడానికి ఇంచుమించు అంతే కావాలి. ఫ్రిజ్‌లోంచి పది డిగ్రీల నీళ్ళు తీసి బ్యాగులో పెడితే, అవి ముప్ఫై డిగ్రీలకి వచ్చేసరికి ఒత్తిడి ఏడు శాతం పైగా పెరిగి ఉంటుంది. సీసాలో 200 మిల్లీలీటర్ల ఖాళీ ఉంటే, మూత తెరవగానే పద్నాలుగు పదిహేను మిల్లీలీటర్లు స్ట్రాలోంచి తోసుకొస్తాయి. నిండు సీసాకన్నా సగం ఖాళీ సీసా ఎక్కువ చిమ్మేది ఇందుకే. విమానంలో అయితే బయటి ఒత్తిడి కూడా తగ్గిపోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ.

దీనికి మందు వాల్వ్ బిగించడం కాదు, మూత తెరుచుకునే క్రమాన్ని మార్చడం. మూత కాస్త లేవగానే ముందు గాలి దారి తెరుచుకోవాలి, అప్పటికి స్ట్రా ఇంకా మడతపడి మూసుకునే ఉండాలి. ఒత్తిడి ఉస్సుమని బయటికి పోయాక స్ట్రా లేస్తే ఒక్క చుక్క చిమ్మదు. ఒక్క కొత్త ముక్క అక్కర్లేదు, మూత కీలు దగ్గర కొలత కొద్దిగా మారిస్తే చాలు. అంతవరకూ, మూత తెరిచే ముందు మెడ దగ్గర మరని కాస్త వదులు చేసి మళ్ళీ బిగిస్తే సరిపోతుంది.

మరి బ్యాగులో పుస్తకాలు తడిస్తే? కారు సీటు మీద పాలు ఒలికి రెండు రోజులకి కంపు కొడితే? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఒలకడం చిన్న విషయం అనేవాళ్ళు బహుశా పిల్లల బట్టలు రోజుకి మూడుసార్లు మార్చి ఉండరు. నా జవాబు ఏమిటంటే, సీసాకి రెండు స్థితులు ఉంటాయి, వాటికి రెండు వేరువేరు జాగ్రత్తలు కావాలి. బ్యాగులో ఉన్నప్పుడు చుక్క కూడా కారకూడదు. ఆ పని చేయడానికి వాల్వ్ అవసరం లేదు, తాగే చోటు మీద ఒక మెత్తటి సమతలాన్ని అదిమిపెట్టే పైమూత చాలు. అది పూర్తిగా తెరుచుకుంటుంది, ఒక్క తుడుపుతో శుభ్రమవుతుంది. పిల్లల చేతిలో ఉన్నప్పుడు మాత్రం పూర్తిగా ఆపాలనే పట్టుదల వదిలేయాలి, వేగాన్ని తగ్గిస్తే చాలు. చిన్న కన్నం, తక్కువ గాలి దారి ఉంటే సీసా పక్కకి ఒరిగినప్పుడు ధార కట్టదు, చుక్క చుక్కగా కారుతుంది. మనం లేచి వెళ్ళి నిలబెట్టేలోపు పోయేది ఒకటి రెండు చెంచాలు. తయారీదారులు ఈ రెండు పనులనీ ఒకే వాల్వ్ నెత్తిన పెట్టడం వల్లే అది అంత మెలికలు తిరిగిన వస్తువైంది.

రింగుల గురించి కూడా ఇదే మాట. ప్లాస్టిక్ మెడ, ప్లాస్టిక్ మూత ఉన్న సీసాకి చాలాసార్లు రింగే అక్కర్లేదు. మూత లోపలి వైపు పల్చటి ప్లాస్టిక్ పెదవి ఒకటి మెడ లోపలికి బిగుతుగా దిగేలా చేయవచ్చు. సోడా సీసాల మూతలు ఎన్నో ఏళ్ళుగా ఇలాగే ఆపుతున్నాయి, అదీ గ్యాస్ ఒత్తిడిని. రింగు తప్పనిసరి అయితే, గాడిని వెడల్పుగా, లోతు తక్కువగా, అడుగు గుండ్రంగా చేయాలి. ఒక పక్క వేలు దూరేంత కోత పెట్టాలి. ఇది ఖర్చు పెంచే గొంతెమ్మ కోరిక కాదు. లోతైన సన్నటి గాడికి అచ్చులో సన్నటి ఉక్కు కావాలి, మూత దాన్నుంచి ఊడి రావడమూ కష్టమే. కడగడానికి తేలికైన గాడి పోత పోయడానికీ తేలికే. లోపలి మూలలన్నీ గుండ్రంగా ఉంటే ప్లాస్టిక్ కూడా గట్టిగా ఉంటుంది. మా పనిలో ఇలా రెండు లాభాలు ఒకే గీతతో రావడం అరుదు, వచ్చినచోట వదులుకోవడం చూస్తే మనసు ఒప్పదు.

సీసా మెడ వెడల్పు, చేయి కాకపోయినా కనీసం స్పాంజి పట్టిన నాలుగు వేళ్ళు అడుగుదాకా వెళ్ళేంత ఉండాలి. లోపల మరలు ఉండకూడదు, మెడ బయటే ఉండాలి, రెండు చుట్లు చాలు. బోలు పిడులు వద్దు, అతుకులోంచి నీళ్ళు దూరితే మళ్ళీ రావు. వాల్వ్, స్ట్రా పారదర్శకంగా ఉండాలి. ముదురు రంగు సిలికాన్ ముద్దుగానే ఉంటుంది, లోపలి నల్ల చుక్కని అంతే ముద్దుగా దాచేస్తుంది కూడా.

విప్పడం ఎంత ముఖ్యమో తిరిగి బిగించడం అంత ముఖ్యం. సీసా కడిగేది ఎప్పుడూ ఒకే మనిషి కాదు. ఒకరోజు అమ్మ, ఒకరోజు తాతయ్య, ఇంకోరోజు పిల్లల్ని చూసుకునే ఆమె. వాల్వ్ తిరగేసి పెట్టినా అందులో కూర్చుంటే, ఎవరో ఒకరు ఒకరోజు తిరగేసే పెడతారు. రెండు వైపులా ఒకేలా పనిచేయాలి, లేదా తప్పు వైపు అసలు పట్టకూడదు. బిగించడానికి కష్టమైతే ఇంకో ప్రమాదం ఉంది. ఆ కష్టానికి జడిసి జనం అసలు విప్పడమే మానేస్తారు.

పదార్థాల మీద మనకున్న శ్రద్ధలో సగం శుభ్రత మీద ఉంటే బాగుండేది. పాల సీసాల్లో బిస్ఫినాల్ ఏ అనే ప్లాస్టిక్ రసాయనం వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2011లో నిషేధించింది. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో పాల సీసాలకీ సిప్పీ కప్పులకీ దాని అనుమతి తీసేసింది. మంచి పనే. ఇవాళ ప్రతి పెట్టె మీదా అది లేదన్న ముద్ర ఉంటుంది. సీసాలో ఎన్ని ముక్కలున్నాయి, అన్నీ ఊడతాయా అన్న సంగతి మాత్రం ఏ పెట్టె మీదా కనపడదు. పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సీసా, సిలికాన్ వాల్వ్ రెండూ మరిగే నీళ్ళకి తట్టుకుంటాయి. అయితే పాలు పోసిన సీసాని ముందు చల్లనీళ్ళతో జాడించాలి. మొదటే వేడినీళ్ళు పోస్తే పాల ప్రోటీను గట్టిపడి ఇంకా అంటుకుపోతుంది.

ఒలకని కప్పు ఇంకో పని కూడా చేసింది: పాలనీ జ్యూస్‌నీ పిల్లల చేతికి రోజంతా అప్పగించేసింది. ఒలకదు కదా అని మనం కూడా పట్టించుకోవడం మానేశాం. కొద్దికొద్దిగా రోజంతా చప్పరిస్తే పళ్ళ మీద ఆమ్లం తగ్గే సమయమే ఉండదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో ఏడాదిలోపు పిల్లలకి జ్యూసే వద్దని, ఆ తరవాత కూడా వెంట తిప్పుకునే మూత కప్పుల్లో ఇవ్వొద్దని చెప్పింది. పడిపోయే ప్రమాదమూ ఉంది. 1991 నుంచి 2010 వరకు పాల సీసాలు, పిల్లలు చప్పరించే ఉత్తి పీకలు (పాసిఫైయర్లు), సిప్పీ కప్పుల వల్ల దెబ్బలు తగిలి అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన మూడేళ్ళలోపు పిల్లలు ఏడాదికి సగటున 2,270 మంది అని ఒక అధ్యయనం లెక్కకట్టింది. అందులో 86 శాతం వాటిని వాడుతూ పడినవాళ్ళే. కొద్దిగా కారే సీసా అయితే కూర్చోబెట్టి తాగిస్తాం. ఆ కొద్దిపాటి కారుడు మనల్ని పిల్ల పక్కన ఉంచుతుంది.

కాబట్టి ఈసారి షాపులో సీసాని తలకిందులు చేసే ముందు మూత పూర్తిగా విప్పి చూపించమని అడగండి. పనిముట్టు లేకుండా, గోళ్ళు విరగకుండా, ప్రతి ముక్కా చేతికి రావాలి. వాల్వ్ తీసి వెలుతురుకి పట్టుకుంటే ఇటునుంచి అటు చూపు పోవాలి. స్ట్రాకి సరిపోయే బ్రష్ సీసాతోనే ఇవ్వాలి. ఊడదీసిన ముక్కలన్నిటి బొమ్మా పెట్టె మీద అచ్చువెయ్యాలి. చివరిగా, విడి వాల్వులు ఎక్కడ దొరుకుతాయో అడగండి. సిలికాన్ చీలిక ఎలాగూ అరిగేదే, కొరికితే చిరిగేదే. సీసా ఎన్నో ఏళ్ళు ఉంటుంది, వాల్వ్ ఉండదు. వాల్వ్ మార్చాలంటే మొత్తం సీసానే మళ్ళీ కొనాలని చెబితే, ఎవరైనా చిరిగిన వాల్వుతోనే ఇంకో రెండు నెలలు నెట్టుకొస్తారు. కొత్త వాల్వుల పాకెట్ సీసా పక్కనే, అదే అరలో దొరకాలి.